కొన్న ఎండీసీ ఎటు పోయింది?

జీడిమెట్ల నుంచి పరవాడ దాకా ఏ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ స్టోర్స్‌లోనైనా డైక్లోరోమీథేన్ అని అడిగితే ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఎండీసీ అంటే వెంటనే అర్థమవుతుంది. మిథిలీన్ డైక్లోరైడ్‌కి షాప్‌ఫ్లోర్ పెట్టుకున్న పొట్టిపేరది. రంగుండదు, కాస్త తియ్యటి వాసన, నీళ్లకంటే మూడోవంతు బరువెక్కువ, 40 డిగ్రీలకే మరుగుతుంది. రియాక్టర్లో ముడిసరుకుని కరిగించడానికి, నీళ్ల పొరలోంచి మందుని బయటికి లాగడానికి సాల్వెంట్‌గా, అంటే కరిగించే ద్రవంగా, దీన్ని పోస్తారు. పనయ్యాక ఆవిరి పట్టి, చల్లార్చి, మళ్లీ వాడతారు. తయారైన మందులో ఇది మిలియన్‌కి 600 భాగాలు మించి ఉండకూడదు.

అంటే కొన్న ఎండీసీ మందుతోపాటు బయటికి పోదు. ఫ్యాక్టరీలో ఏటికేడు పేరుకుపోయేదీ కాదు. అయినా ప్రతినెలా కొత్త ట్యాంకర్ గేటు దగ్గర తూకానికి నిలబడుతుంది. పోయిన నెల కొన్నది ఎక్కడికో పోయింది కాబట్టే ఈ నెల కొనాల్సొచ్చింది. ఎక్కడికి?

ప్రమాదకర వ్యర్థాల గురించి మన దగ్గర చర్చంతా చివరి మజిలీ దగ్గరే నడుస్తుంది. దుండిగల్ వ్యర్థాల కేంద్రంలో పూడ్చింది భద్రంగా ఉందా, ఇన్సినరేటర్ పొగ ఎటు వీస్తోంది, వాగులో నురగ ఎందుకు లేచింది. అడగాల్సినవే. కానీ నురగ లేచాక కాలుష్య నియంత్రణ బోర్డు (పీసీబీ) వాళ్లొచ్చి శాంపిల్ పట్టుకెళ్లడం దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుంటుంది. నేను వాదించేది వేరు. ఎంత వ్యర్థం పుట్టిందో ఫ్యాక్టరీ చెప్పిన అంకెతో తేల్చకూడదు, అది కొన్న సరుకు బిల్లులతో తేల్చాలి. ఆ బిల్లులు ఇప్పటికే ప్రభుత్వం దగ్గరున్నాయి. ఒక శాఖ ఫైలు ఇంకో శాఖ తెరవదు, అంతే.

ఒక లెక్క వేద్దాం

మధ్యస్థాయి ఫ్యాక్టరీ ఒకటి ఊహించుకోండి. అంకెలు ఉదాహరణకే, కట్టే పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. నెల మొత్తంలో రియాక్టర్లలో పోసిన ఎండీసీ 200 టన్నులు. అదే సరుకు పదేపదే తిరుగుతుంది కాబట్టి అంకె అంత పెద్దది. పర్యావరణ అనుమతుల్లో తరచూ కనిపించే షరతు ఒకటుంది: సాల్వెంట్ రికవరీ 95 శాతానికి తగ్గకూడదు. పిల్లాడికి 95 మార్కులొస్తే వీధంతా మిఠాయి పంచుతాం. ఇక్కడ ఆ మిగతా 5 శాతం 10 టన్నులు.

పైగా ఆ 95 ఎలా వచ్చింది? రికవరీ ట్యాంకులో డిప్ రాడ్ ముంచి, ఎంత ఎత్తు తడిసిందో చూసి, లీటర్లలోకి మార్చి రాస్తారు. ఎండకి ద్రవం వ్యాకోచిస్తుంది, ట్యాంకు అడుగు సమంగా ఉండదు, రికవరీ అయినదాంట్లో నీళ్లో మెథనాలో కొంత కలిసుంటుంది. 200 టన్నుల మీద 5 శాతం తప్పు దొర్లితే చాలు, మనం వెతుకుతున్న 10 టన్నులూ ఆ తప్పులోనే మునిగిపోతాయి. రికవరీ శాతం పట్టుకుని ఫ్యాక్టరీని పరీక్షించడం అందుకే వృథా ప్రయాస. 94 అన్నా 97 అన్నా కాదనే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు.

కొత్తగా కొన్న సరుకు సంగతి వేరు. దానికి వేబ్రిడ్జి స్లిప్పుంది, పన్ను బిల్లుంది. నెల మొదట్లో, ఆఖర్లో స్టాకు దాదాపు ఒక్కటే అయితే, కొన్న ప్రతి కిలో ఒక కిలో నష్టం కింద లెక్క. మన ఉదాహరణలో ఆ కొనుగోలు 10 టన్నులు అనుకుందాం.

ఇప్పుడు ఖర్చు రాయండి. మ్యానిఫెస్టుల (వ్యర్థం లారీ వెంట వెళ్లే ఫారాల) ప్రకారం బయటికెళ్లిన వాడేసిన సాల్వెంట్, డిస్టిలేషన్ అడుగు కలిపి 4 టన్నులు. ఆ అడుగులో ఎండీసీ కొంతే, మిగతాది తారులాంటి జిడ్డు. పోనీ ఉదారంగా 4 టన్నులూ ఎండీసీ అనే రాసేద్దాం. తర్వాత నీళ్లు. లీటరు నీటిలో ఎండీసీ 20 గ్రాములకు లోపే కరుగుతుంది. నెలకి 60 కిలోలీటర్ల నీళ్లు ఎండీసీని తాకి బయటికొచ్చాయనుకుంటే, నిండా కరిగినా 1.2 టన్నులు. నీళ్లలో మెథనాల్ ఉంటే ఇంకాస్త పెరుగుతుంది. మొత్తం 5.2. ఇంకా 4.8 టన్నులు తేలాలి.

200 లీటర్ల డ్రమ్ములో ఎండీసీ సుమారు 250 కిలోలు నింపుతారు. 4.8 టన్నులంటే 19 డ్రమ్ములు. ఒక లారీ. నెలనెలా.

ఫ్యాక్టరీ వాళ్లు సాధారణంగా చెప్పే జవాబు, గాలికి పోయింది అని. నిజమే అయ్యుండొచ్చు. వాక్యూమ్ పంపులు ఆవిరిని పీల్చి బయటికి తోస్తాయి, బ్రైన్ (చల్లార్చే ఉప్పునీరు) చల్లదనం తగ్గితే కండెన్సర్ ఆవిరిని పట్టలేదు, సెంట్రిఫ్యూజ్ మూత తీసిన ప్రతిసారీ ఒక వాసన హాలంతా కమ్ముతుంది. కానీ ఆ జవాబు ఒప్పుకుంటే దాని అర్థం రోజుకి 160 కిలోల ఎండీసీ పక్క ఊరి మీదకి వదులుతున్నామని. డ్రమ్ములు దొంగదారిన బయటికి వెళ్లకపోతే ఆవిరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. తేలని 4.8 టన్నులకి మూడో దారి లేదు. ఏదో ఒకటి కాగితం మీద ఒప్పుకోవాలి. ఈ లెక్క వల్ల నాకు కనిపించే మొదటి లాభం అదే.

చట్టం ఏం అడుగుతోంది

2016 ఏప్రిల్‌లో వచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు కాగితంపై గట్టివే. మొదటి షెడ్యూలులో 28వ వరుస మందుల తయారీది: ప్రాసెస్ అవశేషాలు, వాడేసిన ఉత్ప్రేరకం, వాడేసిన కార్బన్, నాణ్యత తప్పిన సరుకు, గడువు తీరిన సరుకు, 28.6 దగ్గర వాడేసిన సాల్వెంట్. ఏదైనా 90 రోజులకు మించి ఆవరణలో ఉంచకూడదు. బోర్డు ప్రత్యేకంగా ఒప్పుకుంటే కొన్ని సందర్భాల్లో 180. డ్రమ్ము మీద మెరిసే పసుపు లేబుల్, దానిమీద ఎర్ర అక్షరాల్లో ప్రమాదకర వ్యర్థం, జాగ్రత్తగా వాడండి అని ఇంగ్లీషులో, హిందీలో, స్థానిక భాషలో రాయాలి. స్థానిక భాష అంటే మన దగ్గర తెలుగు. ఒడిశా, బీహార్ల నుంచి వచ్చి డ్రమ్ములు దొర్లించే కాంట్రాక్టు లేబర్‌కి ఆ మూడింట్లో ఏది చదవడం వచ్చో అడిగిన వాళ్లు తక్కువ.

లారీ కదిలేటప్పుడు ఫారం 10, అంటే పైన చెప్పిన మ్యానిఫెస్టు. ఏడు ప్రతులు, ఏడు రంగులు. తెల్లది బోర్డుకి, పసుపుది పంపినవాడి దగ్గర, గులాబీది అందుకున్నవాడి దగ్గర, నారింజది లారీవాడికి, ఆకుపచ్చది అందుకున్నవాడు బోర్డుకి పంపేది, నీలం తిరిగి పంపినవాడికి, బూడిదరంగుది సరుకు రాష్ట్రం దాటితే పంపిన రాష్ట్రం బోర్డుకి. తెల్లదీ ఆకుపచ్చదీ పక్కపక్కన పెడితే దారిలో ఎంత మాయమైందో తెలిసిపోతుంది. చక్కటి ఏర్పాటు.

దీని లోపమల్లా ఒకటే. ఫారం పుట్టాకే లారీని వెంబడిస్తుంది. ఫారం లేకుండా రాత్రి రెండింటికి వెనక గేటు దాటిన ట్యాంకర్ ఈ ఏడు రంగుల్లో దేనికీ కనపడదు. నీటి అవుట్‌లెట్ దగ్గర పెట్టిన ఆన్‌లైన్ మీటర్లదీ అదే కథ. పీహెచ్, సీఓడీ (నీటిలోని సేంద్రియ మాలిన్యం కొలత), ప్రవాహం కొలుస్తాయి, అదీ తమ పైపులో వచ్చిన నీళ్లకే.

దొంగదారి కొన్నిసార్లు పట్టపగలే నడుస్తుంది. వాడేసిన సాల్వెంట్‌ని బిల్లులో మిక్స్‌డ్ సాల్వెంట్ అనో బై-ప్రొడక్ట్ అనో రాస్తే అది వ్యర్థం కాకుండా సరుకవుతుంది. థిన్నర్ కలిపేవాళ్లు కొంటారు, బట్టీల వాళ్లు కొంటారు. వ్యర్థాన్ని ఇంకోచోట ముడిసరుకుగా వాడాలంటే అదే నిబంధనల్లోని 9వ నిబంధన కింద అనుమతి ఉండాలి. కొన్నవాడికి ఆ అనుమతి ఉందో లేదో బిల్లు కాగితం చెప్పదు. ఎండీసీ కలిసిన మిశ్రమాన్ని ఇటుక బట్టీలో కాలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వస్తుంది, మంట సరిగా లేకపోతే ఫాస్జీన్ అనే విషవాయువు జాడలు కూడా.

సరైన దారి ఎలా ఉంటుంది

నీళ్ల దారి ముందు. ఉప్పు ఎక్కువున్న వ్యర్థజలాన్ని ఫ్యాక్టరీల్లో హెచ్‌టీడీఎస్ అంటారు. అది ముందు స్ట్రిప్పర్‌కి వెళ్లాలి, ఎండీసీ లాంటి తేలిగ్గా ఆవిరయ్యేవి అక్కడ విడిపోతాయి. ఆ తర్వాత ఎంఈఈ అనే ఆవిరిపట్టే యంత్రంలో నీళ్లు మరిగి చిక్కబడుతుంది, ఏటీఎఫ్‌డీ అనే ఆరబెట్టే యంత్రంలో ఎండి పొడి ఉప్పవుతుంది. స్ట్రిప్పర్‌ని పక్కనపెట్టి నేరుగా ఎంఈఈకి పంపితే సాల్వెంటంతా ఆవిరితో కలిసి కండెన్సేట్‌లోకి, అంటే ఆవిరి చల్లారిన నీళ్లలోకి, వస్తుంది, అక్కణ్నుంచి బయోలాజికల్ ట్యాంకుకి, అక్కడి బ్యాక్టీరియా చచ్చి బురద పైకి తేలుతుంది. స్టీమ్ ఖర్చు మిగుల్చుకుందామని చేసే పని ఇది. చివరికి ప్లాంటే ఆగిపోతుంది.

ఏటీఎఫ్‌డీ ఉప్పు ఒక విచిత్రమైన సరుకు. పూడ్చాలంటారు, కానీ నీటిలో ఇట్టే కరుగుతుంది. పూడ్చే గుంతకి అడుగున 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు, బంకమట్టి పొరలు, ఊటని తోడే పైపులు ఉంటాయి, సరే. కప్పు లేకుండా ఒక్క వానాకాలం వదిలేస్తే పూడ్చిన ఉప్పు ఊటగా తిరిగొచ్చి మళ్లీ ఎంఈఈ వాకిట్లో నిలబడుతుంది.

డిస్టిలేషన్ అడుగు, అంటే నల్లగా సాగే జిడ్డు, కాల్చాల్సిందే. కిలోకి 2,500 కిలోకేలరీలు దాటిన వేడి ఉంటే దాన్ని పూడ్చకుండా సిమెంటు కొలిమికి ఇంధనంగా పంపమంటారు. క్లింకర్ (సిమెంటుకి పొడిచేసే గడ్డ) 1,450 డిగ్రీల దగ్గర తయారవుతుంది, ఆ మంటలో సేంద్రియ పదార్థం మిగలడం కష్టం. అయితే క్లోరిన్ ఎక్కువున్న వ్యర్థాన్ని సిమెంటు వాళ్లు ఇష్టపడరు. అది ముడిసరుకు ముందుగా వేడెక్కే ప్రీహీటర్లో లవణాలుగా పేరుకుని దారులు మూసేస్తుంది. కాబట్టి ఎండీసీ అడుగు మిగిలేది ఇన్సినరేటర్‌కే: రెండో గదిలో 1,100 డిగ్రీలు, కనీసం 2 సెకన్లు, ఆపైన పొగని ఒక్కసారిగా చల్లార్చాలి. నెమ్మదిగా చల్లారితే 450 నుంచి 200 డిగ్రీల మధ్య డయాక్సిన్లనే విషాలు మళ్లీ పుడతాయి. ప్రహరీ వెనక గుంతలో డ్రమ్ము అడుగుకి నిప్పంటిస్తే మొత్తం మంటే ఆ ఉష్ణోగ్రతల్లో మగ్గుతుంది. ఇంతకంటే చెడ్డగా కాల్చడం సాధ్యం కాదు.

కాల్చేస్తే పీడ పోయినట్టు అనుకునేవాళ్లకి భోపాల్ గుర్తు చేయాలి. యూనియన్ కార్బైడ్ ఆవరణలో మిగిలిపోయిన 337 టన్నుల వ్యర్థాన్ని, విషవాయువు లీకైన 40 ఏళ్లకి, 2025 జనవరిలో 12 కంటైనర్లలో పీథంపూర్‌కి తరలించారు. జూన్ ఆఖరుకి కాల్చడం పూర్తయింది. మిగిలిన బూడిద, అవశేషాల బరువు కాల్చిన వ్యర్థానికి రెట్టింపు పైనే. వాయువుల్ని పట్టడానికి సున్నం లాంటివి కలిపారు మరి. ఆ బూడిదనీ ఎక్కడో పూడ్చాల్సిందే. బరువు ఎక్కడికీ పోదు, రూపం మారుతుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఫ్యాక్టరీ గేటు దగ్గర నేను అడుగుతున్న తూకం లెక్కకి మూలం ఆ సంగతే.

డ్రమ్ము దగ్గర

పైన చెప్పిందంతా సాఫీగా సాగాలంటే డ్రమ్ములో ఏముందో లేబుల్ నిజం చెప్పాలి. ప్రమాదాలు ఎక్కువగా ఆ అబద్ధం దగ్గరే మొదలవుతాయి. బీపీ మాత్రల సార్టాన్లే తీసుకోండి. వాటిలో చాలావాటికి ఉండే టెట్రజోల్ అనే నైట్రోజన్ వలయం కట్టడానికి సోడియం అజైడ్ వాడతారు. ఆ నీళ్ల వ్యర్థాన్ని, ఇంకో బ్లాకు నుంచి వచ్చిన ఎండీసీని ఒకే డ్రమ్ములో పోస్తే డైఅజిడోమీథేన్ పుడుతుంది. అది పేలుడు పదార్థం. అదే అజైడ్ నీళ్లలో ఆమ్లం పడితే హైడ్రజోయిక్ ఆమ్లం ఆవిరవుతుంది, పీల్చినా ప్రమాదమే, పేలినా ప్రమాదమే. నైట్రిక్ ఆమ్లం మిగులుని మెథనాల్ ఉన్న డ్రమ్ములో పోసి బిరడా బిగిస్తే మర్నాడు పొద్దున డ్రమ్ము పొట్ట ఉబ్బి కనిపిస్తుంది, లేదా కప్పు లేచిపోయి కనిపిస్తుంది. సల్ఫైడ్ వ్యర్థంలో ఆమ్లం పడితే కుళ్లిన గుడ్ల వాసన, కాసేపటికి ఆ వాసన కూడా తెలియదు. ముక్కు మొద్దుబారిపోతుంది, అదీ దాని ప్రమాదం.

కలపకుండా ఉంటే మేలు. కలపక తప్పదంటే ముందు ఒక్కోదాని నుంచి 50 మిల్లీలీటర్లు తీసి, అదే నిష్పత్తిలో, ఆవిర్లు పీల్చే హుడ్ కింద గాజు పాత్రలో కలిపి థర్మామీటర్ పెట్టి కనీసం ఒక షిఫ్టు చూడాలి. వేడెక్కినా, బుడగలొచ్చినా, రంగు మారినా, గడ్డకట్టినా కలపకూడదు. ఈ పరీక్షకి రసాయన శాస్త్రంలో డాక్టరేట్ అక్కర్లేదు, ఎనిమిది గంటల ఓపిక చాలు.

ఎండీసీకి మన ఎండ ఒక ప్రత్యేకమైన సమస్య. మేలో రేకుల షెడ్డు కింద డ్రమ్ము తాకితే చెయ్యి చుర్రుమంటుంది. లోపలున్నదాని మరుగు స్థానం 40. ఉబ్బిన డ్రమ్ము బిరడా మీద సుత్తి వేయకూడదు. ముందు డ్రమ్ముని నీడకి దొర్లించకుండా, నీడే డ్రమ్ము మీదకి వచ్చేలా టార్పాలిన్ కట్టాలి. బయటి గోడ మీద నీళ్లు చల్లి గంటలకొద్దీ చల్లారనివ్వాలి. ఎర్త్ క్లిప్పు పెట్టాలి. ఇత్తడి రెంచితో చిన్న బిరడాని పావు తిప్పు తిప్పి బుస్సు ఆగేదాకా ఆగాలి, మళ్లీ పావు తిప్పు. నింపేటప్పుడే పదోవంతు ఖాళీ వదిలుంటే, రెండు వరసలకి మించి పేర్చకుండా ఉంటే, ఇంతదాకా రాదు. షెడ్డు చుట్టూ గట్టు ఉండాలి. అన్నిటికంటే పెద్ద డ్రమ్ము లేదా ట్యాంకు పగిలినా అందులోదంతా పట్టి ఇంకో పదోవంతు మిగలాలి. ఆ గట్టుకి వాన నీళ్లు పోవడానికని కన్నం పెట్టి మూయడం మరిచిపోతే గట్టు లేనట్టే.

గ్లౌజుల సంగతి చెప్పకుండా ఉండలేను. ఫ్యాక్టరీల్లో చేతికి దొరికేవి నీలం నైట్రైల్ గ్లౌజులు. ఎండీసీ వాటిని కొద్ది నిమిషాల్లోనే దాటేస్తుంది. చేతికి చల్లగా తగిలేసరికి చర్మం మీద ఉంటుంది. దీనికి పొరలు పొరలుగా చేసిన లామినేట్ గ్లౌజులు కావాలి. మామూలు కార్బన్ కార్ట్రిడ్జ్ మాస్కు కూడా ఎండీసీని ఎక్కువసేపు పట్టి ఉంచలేదు. వాసన వచ్చినప్పుడు మాస్కు మారుద్దాం అనుకుంటే అప్పటికే ఆలస్యం. దాని వాసన తెలిసే స్థాయి, పనిచేసేచోట ఉండదగ్గ పరిమితిగా చెప్పే 50 పీపీఎం (గాలిలో మిలియన్‌కి 50 భాగాలు) కంటే పైనే ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక కాలేయం దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. ఆవిరి గాలికంటే దాదాపు మూడింతలు బరువు కాబట్టి సంపుల్లో, గుంతల్లో, ట్యాంకు అడుగున మడుగులా నిలుస్తుంది. ఒకడు పడిపోతే తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోయేది అందుకే. 2024లో అమెరికా పర్యావరణ సంస్థ ఎండీసీ వాడకాల్ని చాలావరకు నిషేధించి, కొనసాగించే చోట ఎనిమిది గంటల సగటు 2 పీపీఎం దాటకూడదంది. మన షెడ్లలో 2 పీపీఎం కొలిచే పరికరమున్న ఫ్యాక్టరీలు అరుదు.

నేలలోకి వెళ్లాక

టోల్యూన్ అనే ఇంకో సాల్వెంట్ బావిలో పడితే పైకి తేలుతుంది, వాసనొస్తుంది, ఊరు గొడవ చేస్తుంది. ఎండీసీ మునుగుతుంది. పైన కొంత ఆవిరైపోతుంది, మిగిలింది కిందకి దిగి రాతి పగుళ్లు వెతుక్కుంటుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైటు. నీళ్లు ఇసుకలోలా సమంగా పారవు, పగులు ఎటుంటే అటు పోతాయి. పక్కింటి బోరు బాగుండి, అర కిలోమీటరు అవతలి బోరు పాడవడం ఇక్కడ వింతేమీ కాదు. పగుళ్లలో ఇరుక్కున్న బొట్లు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతూనే ఉంటాయి. తోడి శుభ్రం చేద్దామన్నా అందవు.

తాగునీటిలో ఎండీసీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకి 20 మైక్రోగ్రాములు. 250 కిలోల డ్రమ్ము మొత్తం కరిగిందనుకుంటే 1,250 కోట్ల లీటర్ల నీటిని ఆ పరిమితికి చేరుస్తుంది. జలాశయాల భాషలో 0.44 టీఎంసీ. అంతా కరగదు, చాలా భాగం గాలిలో కలుస్తుంది, కాబట్టి ఇది భయపెట్టడానికి చెప్పే లెక్క కాదు. ఒక డ్రమ్ము అంటే ఎంతో అంచనా కోసం.

సాల్వెంట్ ఒక్కటే కాదు, మందు కూడా పోతుంది. స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలం చేరే చోటది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. రోజుకి దాదాపు 45 కిలోలు బయటికి పోతోందని, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత అని లెక్కగట్టారు. ఆ మోతాదుల్లో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. ఆ నీళ్లు చేరిన నక్కవాగు మంజీరలో కలుస్తుంది. పటాన్‌చెరు కాలుష్యం కేసు సుప్రీంకోర్టు గడప ఎక్కింది 1990లో. తర్వాతి కాలంలో ఆ శుద్ధి కేంద్రం నీళ్లని 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరం మురుగులో కలిపి అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి పంపారు. వాగుకి కొంత ఊరట దక్కింది. లోపలికొచ్చే సరుకు, బయటికెళ్లే సరుకు తూచే లెక్క మాత్రం అప్పుడూ మొదలుకాలేదు.

గేటు బోర్డు మీద ఇంకో వరస

2003 అక్టోబర్ 14న సుప్రీంకోర్టు ఒక ఆదేశమిచ్చింది. ప్రమాదకర వ్యర్థం పుట్టించే ప్రతి ఫ్యాక్టరీ ప్రధాన గేటు బయట బోర్డు పెట్టి, వాడే ప్రమాదకర రసాయనాలు, నీటిలోకి గాలిలోకి వదిలేవి, ఆవరణలో పుట్టే వ్యర్థాల పరిమాణం ప్రజలకి కనపడేలా రాయాలి. ఆ బోర్డులు ఉన్నాయి. చాలాచోట్ల అంకెలు ఎండకి వెలిసిపోయి, ఏ నెలవో తెలియకుండా ఉంటాయి. వాటిమీద ఇంకొక్క వరస చేర్చమంటున్నాను: ఈ నెల కొత్తగా కొన్న సాల్వెంట్, పేరువారీగా, కిలోల్లో.

ఈ సమాచారం కొత్తగా సేకరించాల్సింది కాదు. ఎండీసీకి జీఎస్టీలో 29031200 అనే కోడుంది, టోల్యూన్‌కి 29023000. రూ. 50 వేలు దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు పుడుతుంది, అందులో కోడు, పరిమాణం ఉంటాయి. ఇంకోవైపు, అనుమతికి పెట్టుకున్న పర్యావరణ ప్రభావ నివేదికలో ఫ్యాక్టరీయే సాల్వెంట్ బ్యాలెన్స్ పట్టిక ఇస్తుంది: ఏ మందుకి ఎంత పోస్తాం, ఎంత తిరిగొస్తుంది, నీళ్లలోకి ఎంత, అడుగులోకి ఎంత, గాలికి ఎంత. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో ఓపికగా వెతికితే అలాంటి నివేదికలు దొరుకుతాయి. ముందు ఇచ్చిన మాట ఒక చోట, కొన్న బిల్లు ఒక చోట, జూన్ 30 లోపు దాఖలు చేసే ఫారం 4 వ్యర్థాల వార్షిక లెక్క ఇంకోచోట. మూడూ ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టడానికి ఒక గుమాస్తాకి వారం చాలు.

అభ్యంతరాలు వినిపిస్తాయి. కొనుగోళ్లు చెబితే మా ప్రాసెస్ పోటీదారుకి తెలిసిపోతుందంటారు. మందువారీగా అడిగితే ఆ మాట నిజమే, ఫ్యాక్టరీ మొత్తానికి సాల్వెంట్‌వారీగా చెబితే ఏ రహస్యమూ బయటపడదు. పైగా పట్టికలు నివేదికల్లో వాళ్లే అచ్చేశారు. రెండోది బలమైన అభ్యంతరం: కొత్త మందు మొదలుపెట్టిన నెలలో స్టాకు నింపుకుంటారు, కొనుగోలు ఎక్కువ కనిపిస్తుంది, నిజాయితీపరుడు దొంగలా కనపడతాడు. ఒప్పుకుంటాను. అందుకే నెల అంకె చూసి నోటీసు ఇవ్వకూడదు, పన్నెండు నెలల మొత్తం చూడాలి. ఏడాదంతా స్టాకు పెంచుకుంటూ పోయే ట్యాంకులు ఎవరికీ ఉండవు. మూడోది, బిల్లు లేకుండా కొనేవాళ్లు. వాళ్లు ఈ వలకి దొరకరు. పన్ను వాళ్లకి దొరకాలి.

చిన్న ఫ్యాక్టరీలకి బరువవుతుందనే మాట మాత్రం నాకు అర్థం కాదు. ఎండీసీ డబ్బిచ్చి కొన్న సరుకు. నెలకి 4.8 టన్నులు ఎటుపోయాయో తెలియని యజమానికి పీసీబీ కంటే ముందు తన అకౌంటెంట్‌తో పని ఉంది.

ఊళ్లో ఉన్నవాళ్లకి

రోడ్డు పక్కన అమ్మే నీలం డ్రమ్ములు నీళ్లు పట్టుకోవడానికి కొనొద్దు. రసాయనాల ఖాళీ డ్రమ్ము కూడా నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థమే, 33వ వరసలో ఉంది. ప్లాస్టిక్ సాల్వెంట్‌ని పీల్చుకుంటుంది, సబ్బుతో కడిగినా పోదు, నీళ్లు పోశాక నెమ్మదిగా వదులుతుంది. లేబుల్ గీకేసిన మచ్చ ఉన్నా, గోడ మెత్తగా ఉబ్బినట్టున్నా, మూత బిగించి ఓ గంట ఎండలో పెట్టి తెరిస్తే వాసనొచ్చినా వదిలేయాలి. వాసన రానంత మాత్రాన మంచిదని కాదు.

రాత్రి పూట కుంట దగ్గర ట్యాంకర్ ఖాళీ చేస్తుంటే గాలి వీచే వైపు నుంచి వెళ్లాలి, అంటే గాలి మీ వీపుకి తగలాలి. దగ్గరికి పోవద్దు, పల్లంలోకి దిగొద్దు, టార్చి తప్ప నిప్పు వద్దు. బండి నంబరు, సమయం కనిపించేలా ఫోటో తీసి 112కి ఫోన్ చేయాలి.

ఇక శాంపిల్. తీసేవాళ్లు పీసీబీ వాళ్లయినా, ఊరివాళ్లు పట్టుబట్టి చూడాల్సిన విషయాలు కొన్నున్నాయి. మోటార్ వేసి తోడిన నీళ్లు, బావి పైపొర నీళ్లు, మినరల్ వాటర్ బాటిల్లో సగం నింపిన నీళ్లు, ఈ మూడింట్లో ఏది తీసుకెళ్లినా రిపోర్టులో ఎండీసీ లేదనే రావచ్చు. పైపొరలో ఉండదు, మోటార్ కుదుపుకి ఆవిరవుతుంది, ఖాళీ ఉన్న సీసాలో ఆ ఖాళీలోకి చేరి మూత తీయగానే ఎగిరిపోతుంది. అడుగు నీళ్లు పట్టే బెయిలర్ దించాలి. 40 మిల్లీలీటర్ల గాజు సీసాలు, మూత లోపల టెఫ్లాన్ పొర ఉన్నవి, ఒక్కో చోటికి కనీసం రెండు. నీళ్లు అంచు పైకి ఉబ్బేదాకా నెమ్మదిగా నింపి మూత బిగించాలి. ఐసు పెట్టెలో పెట్టి వారంలోపు ల్యాబుకి చేర్చాలి. పెట్టెలో పెట్టేముందు సీసాని తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి. బుడగ కనిపిస్తే పారబోసి మళ్లీ నింపాలి.